తవిటినాయుడి తొడుగు

నమోదు 1

ఈ చిట్టా రాయమన్నది ఆస్పత్రి డాక్టరు. మనోగాయం హోదా కోసం అప్పీలుకి వెళ్ళే మాజీ సిపాయిలందరూ రాయాలట. ఆ రోజు ఏం చేశామో పైన, ఏమనిపించిందో కింద. పైన రాయడానికి బోలెడుంది. కింద మాత్రం "ఏమీ అనిపించలేదు" అని రాసి, డాక్టరు నొచ్చుకుంటాడేమోనని కొట్టేసి, వేరే ఏదీ తోచక మళ్ళీ అదే రాశాను.

పొద్దున పంపు దగ్గర వరసలో నిలబడి నీళ్ళు తెచ్చాను. పుట్టగొడుగుల షెడ్డులో గడ్డి తిరగేశాను. మధ్యాహ్నం చోడంబలి కాస్తుంటే మా ఆయన సింహాచలం పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని లాగేశాడు.

"ఒలే, సెయ్యి సూసుకోవేటే? గిన్నె మీదెట్టేసినావు!"

చూసుకున్నాను. అరచెయ్యి ఎర్రగా పొంగింది. నొప్పి ఉంది గానీ పక్కింట్లో రేడియో మోగుతున్నట్టుంది. ఆయన గొణుక్కుంటూ తడిగుడ్డ చుట్టాడు. కొండవాలుని మెట్లుగా చెక్కి కట్టుకున్న ఊళ్ళో, మా మూడో మెట్టు మీద ఈయన గొణుగుడుకి మంచి పేరుంది. రెండు మెట్లు కిందనున్న సముద్రం కూడా విని వెనక్కి తగ్గుతుందని అందరూ ఆటపట్టిస్తారు.

ఆ గోలలోనే పునర్విచారణ మండలి ఉత్తర్వు వచ్చింది. నా అర్జీ మళ్ళీ కొట్టేశారు. ఈసారి కారణం కూడా రాశారు. మంచినీళ్ళ పైపు తొమ్మిదో వాల్వు దగ్గర పేలుడు జరిగిన రోజున, కాపలాలో ఒంటికి వేసుకునే నా తొడుగులో నమోదైన గుండె, ఊపిరి, చెమట గాఢనిద్రలో ఉన్న మనిషివట. నిద్రలో ఉన్న మనిషికి మనోగాయం ఎలా అవుతుందని వాళ్ళ ప్రశ్న. నిజమే, నేనైనా అదే అడుగుతాను.

సింహాచలం ఉత్తర్వు రెండుసార్లు చదివాడు. "వానలు తగ్గాక మల్లీ పిలుస్తారా?" అన్నాడు.

"హోదా నేకపోతే పిలుస్తారు."

హోదా వస్తే మందులు, భత్యం, అన్నిటికీ మించి పైపు కాపలాకి మళ్ళీ పిలుపు ఉండదు. రాకపోతే నేను ఆరోగ్యవంతురాలిని. యుద్ధం ఆగిందని చెప్పుకుంటున్నారు గానీ పైపు మీద పేలుళ్ళు ఆగలేదు. కొండల మీదున్న మెట్లన్నిటికీ మంచినీళ్ళు ఆ పైపులోంచే రావాలి.

నమోదు 2

లాయరు ఇందుమతి గారు మెట్లెక్కి వచ్చారు. మాజీ సిపాయిల సంఘం తరఫున ఉచితంగా వాదిస్తారావిడ. మనిషి చిన్నది, భుజాన సంచి పెద్దది. కూర్చుని ముందు ఆయాసం తీర్చుకున్నారు.

"అసిరమ్మ గారూ, సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. పేలుడప్పుడు మీరు నిద్రలో ఉన్నారా?"

"నేదమ్మా. వాల్వు గోతిలో ఉన్నాను."

"మరి మీ తొడుగు నిద్రపోతోందే?"

"ఆ తొడుగులో ఉన్నది నాను కాదు."

ఆవిడ సంచి పక్కన పెట్టేశారు. నేను ముందే ఎందుకు చెప్పలేదని కోప్పడ్డారు. ఎవరూ అడగలేదు, అందుకే చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు. మా దగ్గర అది చెప్పుకునేంత పెద్ద సంగతి కాదు.

మా వాల్వు దగ్గర మంచి తొడుగు ఒక్కటే మిగిలింది. తక్కినవన్నీ మోచేతుల దగ్గర, మెడ దగ్గర చిరిగి బురద కారేవి. కొత్తవి అడిగితే వస్తున్నాయి అనేవారు. అందుకని మాలో మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. గోతిలోకి ఎవరు దిగితే మంచి తొడుగు వాళ్ళకి. దాని అసలు మనిషి, దిగినవాళ్ళ తొడుగు వేసుకుని పోస్టులో ఉండాలి. తొడుగు ఖాళీగా పడి ఉంటే పై ఆఫీసు నుంచి కేకలొచ్చేవి, ఫలానా నంబరు సిపాయి గుండె వినపడటం లేదు, ఏమయ్యాడని. ఎవరో ఒకరి గుండె లోపల కొట్టుకుంటూ ఉంటే వాళ్ళకి చాలు. తొడుగుకి చెవులు లేవు, కళ్ళు లేవు. ఏ నంబరు మీద ఏ గుండె కొట్టుకుంటోందో పోల్చి చూసే ఓపిక అక్కడెవరికీ లేదు.

ఆ మంచి తొడుగు తవిటినాయుడిది. ఆ రోజు దాన్ని నేను వేసుకుని మా దళంలోని పోలినాయుడితో కలిసి గోతిలోకి దిగాను. రాత్రంతా కాపలా కాసిన తవిటినాయుడు నా చిరుగుల తొడుగు వేసుకుని రాతి పోస్టులో పడుకున్నాడు. పేలుళ్ళకి నిద్రలేవడం మేమందరం ఎప్పుడో మానేశాం. తరవాత లేపితే లేచి, ఆ తొడుగు విప్పేసి, ఉత్త చేతుల్తో బురద తవ్వి నన్ను బయటికి లాగింది అతనే.

"అంటే మీ భయమంతా అతని నంబరు మీద ఉంది," అన్నారు ఇందుమతి గారు. సంచిలోంచి నమోదులు చూసుకునే తెర పలక తీసి అతని పేరు వెతికారు. వెతుకుతూ వెతుకుతూ ఆగిపోయారు.

"అతనికి మనోగాయం హోదా వచ్చింది. పూర్తి స్థాయిది. ఆ రోజు నమోదు చూసే ఇచ్చారు."

"మంచిదే కదమ్మా."

"మంచిదేమిటండీ! ఒక నమోదు ఇద్దరిది కాలేదు. అది మీదని రుజువైతే అతని హోదా పోతుంది. వానలు తగ్గాక అతన్ని పిలుస్తారు. కాదంటే మిమ్మల్ని."

ఆవిడకి చెమటలు పట్టాయి. నేను అంబలి ఇచ్చాను. ఏమనిపించింది అంటే, గ్లాసు కడగాలనిపించింది.

నమోదు 3

రోజంతా వాన. షెడ్డుకి వెళ్ళలేదు. సింహాచలంతో ఇంట్లో ఉండటం కంటే వానలో తడవడం మేలు. పొద్దున్నుంచి ఒకటే మాట, తవిటినాయుడి దగ్గరికి వెళ్ళి ఈ సంగతి ఒక ముక్క చెప్పిరమ్మని. నేను వెళ్తానన్నాను. ఎప్పుడు వెళ్తావన్నాడు. వాన తగ్గాక అన్నాను. వాన తగ్గితే పిలుపు వస్తుందే పిచ్చిదానా అన్నాడు.

ఏమనిపించింది: విసుగు. డాక్టరు సంతోషించవచ్చు, ఏదో ఒకటి అనిపించింది.

నమోదు 4

తవిటినాయుడు ఐదో మెట్టు మీద, అందరికంటే పైన ఉంటాడు. అక్కడికి సముద్రం హోరు వినపడదు. పంపు కూడా చాలా దూరం. యుద్ధం అయ్యాక నేను వాళ్ళింటికి వెళ్ళడం ఇదే మొదటిసారి. మేం ఒకళ్ళనొకళ్ళం తప్పించుకుని తిరిగాం అని కాదు, కలవాలని ఎవరికీ తోచలేదు, అంతే.

అతని భార్య బంగారమ్మ తలుపు తీసింది. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. గ్లాసు లోపల గుడ్డపేలిక పెట్టి, దాని మీదుగా కుండని నెమ్మదిగా వంచింది. చిన్న చప్పుడు కూడా రాలేదు. తరవాత పేలిక తీసి పిండకుండానే బయటికి పట్టుకెళ్ళింది. నీళ్ళ చప్పుడు వింటే అతను తట్టుకోలేడట.

తవిటినాయుడు లోపల్నుంచి వచ్చాడు. నాకంటే చిన్నవాడు, నన్ను అక్క వరస పెట్టి అప్పా అంటాడు, మా దళంలో అందరికంటే అల్లరివాడు. నేను కాపలాలో ఉంటే వెనక నుంచి వచ్చి నా చెవిలో పిల్లిలా అరిచేవాడు. ఇప్పుడు గోడని ఆనుకుని నడుస్తున్నాడు.

"అప్పా, బాగున్నావా?"

"బాగానే ఉన్నానురా. నువ్వు?"

"నాకు బాగోనేదప్పా."

సంగతి చెప్పాను. నేను చెబుతుంటే అతను తల ఊపుతూనే ఉన్నాడు, ముందే తెలిసినట్టు.

"అడగనేదప్పా నాను. ఆల్లే నంబరు సూసి ఇచ్చినారు. నాకూ బాగోనేదు కదా అప్పుడు, నిన్ను తవ్వి తీసినకాడి నుంచి నిద్దర నేదు. అందుకని నోర్మూసుకున్నాను. అయితే ఏటేటా పిలుస్తారప్పా. జబ్బు ఉందో తగ్గిందో సూడ్డానికి. పరీక్ష తొడుగేసి ఆ రోజు నమోదు ఒంట్లోకి వొదుల్తారు. ఆ గుండె ఎలాగ కొట్టుకుందో అలాగ రొమ్ము మీద కొడతాది. ఆ ఊపిరి ఎలాగ ఆగిందో అలాగ ఊపిరి బిగించెత్తాది. మొదటేడు నటించినానప్పా. తెలిసిపోద్దేమోనని కొంచెం ఎక్కువే వొనికినాను. మరుసటేడు నటించక్కర్నేకపోయింది."

అతను చేతులు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు.

"అది నీదే అప్పా," అన్నాడు. "నీది నువ్వు తీసేసుకో."

బంగారమ్మ గుమ్మంలోంచి లోపలికి వచ్చేసింది. "ఏటి తీసుకోమంటన్నావు? తీసుకుంటే నీ ఒంట్లోంచి పోద్దేటి?" అని మొగుణ్ణి కసిరి, నా వైపు తిరిగింది. "వదినా, నీకు సెయ్యెత్తి దండమెడతాను. సినుకు పడితే ఇతగాడు మంచం కిందకెల్లి దూరతాడు. ఇతగాడ్ని పైపు మీదకి పంపుతావేటి? అక్కడున్నదే నీల్లు! నీకేటి, నువ్వు బాగానే ఉన్నావు. సూస్తే తెలస్తంది. పంపుకెల్తన్నావు, పనికెల్తన్నావు, ఒండుకుంటన్నావు."

నిజమే. అన్నీ చేస్తున్నాను. నేను లేచి, వస్తానమ్మా అని చెప్పి మెట్లు దిగాను. దిగేటప్పుడు బంగారమ్మ మీద కోపం రావాల్సింది. వస్తుందేమోనని మూడో మెట్టు దాకా చూశాను.

నమోదు 5

మండలి వాళ్ళు పోలిక పరీక్షకి ఒప్పుకున్నారని ఇందుమతి గారు కబురు పంపారు. ఇద్దరికీ పరీక్ష తొడుగులు వేసి ఒకేసారి నమోదు వినిపిస్తారు. ఎవరి ఒళ్ళు గుర్తుపడితే భయం వాళ్ళది. మీరు తప్పకుండా గెలుస్తారు అని రాశారావిడ, చివర సంతకం కింద ఒక గీత కూడా గీశారు.

సింహాచలం ఆ గీత చూసి ఇన్నాళ్ళకి నవ్వాడు. నేను తవిటినాయుడి ఇంట్లో గ్లాసు, పేలిక, మంచం సంగతి చెప్పాను. ఆయన నవ్వు ఆగింది.

"ఆడికి ఆడి పెల్లాం కాపలా ఉంది. మరి నాకో? నువ్వెల్లిపోతే నానేటి అయిపోవాల?"

"ఇలాగే గొణుక్కుంటూ ఉంటావు."

"ఎవులికి ఇనపడాలని గొణుక్కోమంటావే?"

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఏడవడం నేను చూడలేదు. ఏం చెయ్యాలో నాకు తెలుసు. దగ్గరికెళ్ళి కూర్చోవాలి, తల మీద చెయ్యి వెయ్యాలి. వెళ్ళాను, కూర్చున్నాను, వేశాను. ఆయన బాధపడుతున్నాడని తెలుస్తోంది, తెలియడం దగ్గరే ఆగిపోతోంది. దీని మీద మాత్రం నాకు కోపం వస్తోంది. ఇది రాసుకో డాక్టరూ. నా మొగుడు నా కోసం ఏడుస్తుంటే నాకు ఆయన జుట్టుకి నూనె రాయాలని తప్ప ఏమీ తోచలేదు.

నమోదు 6

ఇక్కణ్ణించి రాసేది డాక్టరుకి ఇవ్వను. ఎందుకో చదివితే తెలుస్తుంది, చదివేవాళ్ళు ఎలాగూ లేరు.

మండలి కచేరీ నాలుగో మెట్టు మీద పాత గోదాములో పెట్టారు. బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నావిడ మండలి పెద్ద, నెరిసిన జుట్టు, మర్యాదగల మనిషి. మాకు కుర్చీలు వేయించి, మంచినీళ్ళు కావాలా అని అడిగారు. బంగారమ్మ "వొద్దు, వొద్దు" అని ఆ గ్లాసులు తెచ్చినవాణ్ణి తలుపు దగ్గరే ఆపేసింది.

తొడుగులు వేశారు. బూడిదరంగువి, కొత్తవి, ఎక్కడా చిరుగు లేదు. వాల్వు దగ్గర ఉండాల్సినవి ఇక్కడున్నాయన్నమాట అనుకున్నాను. పైకి అనలేదు, ఇందుమతి గారు నోరు అదుపులో పెట్టుకోమన్నారు.

"ఒళ్ళు అబద్ధం చెప్పదు," అన్నారు పెద్దావిడ. "మొదలుపెట్టండి."

మొదట రొమ్ము మీద మామూలు దెబ్బలు. గోతిలోకి దిగడం అది, నిచ్చెన మీద ఒక్కో మెట్టు. తరవాత పేలుడు. తొడుగు నా పక్కటెముకల్ని గట్టిగా నొక్కింది. గుండె తట్లు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. ఊపిరి తెగి, అతుక్కుని, మళ్ళీ తెగుతోంది. నాకన్నీ గుర్తొస్తున్నాయి. ఇది మట్టి విరిగిపడటం. ఇది నీళ్ళు గడ్డం దాకా రావడం. ఇక్కడ పోలినాయుణ్ణి పిలిచాను. ఇక్కడ పలికాడు. ఒక్కోటీ ఎక్కడెక్కడ ఉందో చెప్పగలను, మా ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో చెప్పినట్టు. బయట నుంచి తొడుగు తంతోంది, లోపల నా గుండె మాత్రం తన పని తను చూసుకుంటోంది.

తవిటినాయుడు కుర్చీలోంచి జారిపోయాడు. బల్ల కిందికి పాకుతుంటే బంగారమ్మ వెళ్ళి పట్టుకుంది. అతను ఊపిరి కోసం నోరు తెరుస్తున్నాడు. ఆ ఊపిరి నాకు తెలుసు. అది నాది. నేను గోతిలో అచ్చం అలాగే తీసుకున్నాను, మూడు పొట్టివి, ఒకటి పొడుగుది.

నమోదు చివరికొచ్చింది. గుండె ఒక్కసారి విపరీతంగా ఎగిసి, దాని వెంటనే నెమ్మదించిపోయింది. గోతిలో ఉన్నప్పుడు కూడా ఇంతే. నెమ్మదించి, అలాగే ఉండిపోయింది. అప్పుడే తవిటినాయుడు బల్ల కిందినుంచి అరిచాడు.

"ఇక్కడే! ఇక్కడెవులో పోయినారు! ఏటయిందో సెప్పండి!"

అతను ఆ సమయానికి నిద్రలో ఉన్నాడు. గోతిలో ఏం జరిగిందో నేనెవరికీ చెప్పలేదు. అతను తవ్వి తీసేటప్పటికి పోలినాయుడు పోయి చాలాసేపయింది. ఎప్పుడు పోయాడో, ఎలా పోయాడో అతనికి తెలిసే దారే లేదు.

యంత్రం దగ్గర కూర్చున్నతను కాగితం పెద్దావిడకి అందించాడు. ఆవిడ చదివి నా వైపు కొంచెం జాలిగానే చూశారు.

"రెండో వ్యక్తి ఒళ్ళు ప్రతి తట్టుకీ స్పందించింది. అర్జీదారు ఒంట్లో ఏ మార్పూ లేదు. కూరగాయలు తరుగుతున్న మనిషి గుండెలా ఉంది."

"అదే ఆమె జబ్బండీ!" ఇందుమతి గారు లేచి నిలబడ్డారు. "అయ్యా, అమ్మా, ఒక్క అవకాశం ఇవ్వండి. చివర్లో గుండె ఎగిసి పడిపోయిన చోటు ఉంది. తవిటినాయుడు గారికి అక్కడ భయం తెలుసు, ఏం జరిగిందో తెలియదు. ఆయనే అడుగుతున్నారు. గోతిలో ఉన్న మనిషికే అది తెలుస్తుంది. చనిపోయిన సిపాయి వైద్య నివేదిక మీ దగ్గర సీలు వేసి ఉంది. అర్జీదారు చెప్పేది దానితో సరిపోతే నమోదు ఆమెదేనని ఒప్పుకోండి."

ముగ్గురూ తలలు దగ్గరపెట్టి మాట్లాడుకున్నారు. ఒప్పుకున్నారు. పెద్దావిడ నా వైపు వంగి, ఎంతో నెమ్మదిగా అడిగారు.

"అసిరమ్మా, అక్కడ ఏం జరిగింది?"

సింహాచలం వెనక బెంచీ మీద ముందుకి జరిగాడు.

నేను బల్ల కిందికి చూశాను. బంగారమ్మ మొగుడి చెవులు రెండు చేతులతో మూసి, అతని తల తన కడుపుకి అదుముకుని ఉంది. ఆమె నా వైపు చూడలేదు. బతిమాలలేదు. అతను మాత్రం చూస్తున్నాడు. నేను గోతిలో ఉన్నప్పుడు ఎవరైనా దీపం వేసి నా మొహం చూసి ఉంటే ఎలా కనపడేదో ఇప్పుడు తెలిసింది.

"తెల్దమ్మా," అన్నాను. "నాను నిద్దరోయినాను."

ఇందుమతి గారి సంచి కిందపడింది. పెద్దావిడ మళ్ళీ అడిగారు, మళ్ళీ అదే చెప్పాను. రాసుకున్నారు.

జాలిపడి అలా చెప్పానని అనుకోవచ్చు. నాకు జాలి కలగలేదు. నా భయం ఎలా ఉంటుందో ఇన్నేళ్ళకి ఎదురుగా చూశాను. దాన్ని అతను మోసుకు తిరుగుతున్నాడు. దాన్ని మళ్ళీ ఆ గోతి దగ్గరికి పంపించబుద్ధి కాలేదు. నేను వెళ్తే, వెళ్ళేది ఉత్త ఒళ్ళు.

నమోదు 7

ఇంటికొచ్చే దారిలో సింహాచలం నాకంటే నాలుగడుగులు ముందు నడిచాడు. గొణగలేదు కూడా. ఇంట్లోకి వచ్చాక అన్నాడు, "నాతో ఒక మాట సెప్పి ఉండొచ్చు గదే."

"అప్పుడే తోచింది."

"నన్నడగాలని తోచనేదా?"

తోచలేదు. అదే చెప్పాను. అది ఆయన్ని అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టిందని మొహం చూస్తే తెలిసింది. చేసిన పని తప్పనిపించడం లేదు గానీ, ఆయన్ని అడగాల్సింది. తవిటినాయుణ్ణి గోతి నుంచి తప్పించి, ఈయన్ని ఒంటరిని చేశాను. ఇందుకు నాకు సిగ్గుగా ఉంది. సిగ్గేనని అనుకుంటున్నాను, మెడ దగ్గర వెచ్చగా ఉంది.

వానలు తగ్గాయి. పిలుపు వచ్చింది.

నమోదు 8

రేపు పొద్దున్నే బండి. సింహాచలం చోడిపిండి మూటకట్టి, విప్పి, ఇంకొంచెం పోసి మళ్ళీ కట్టాడు. బండి దాకా వస్తానన్నాడు, రమ్మన్నాను. ఈసారి అడిగాను కూడా, నువ్వు ఒక్కడివీ ఎలా ఉంటావని. "నీకేల," అన్నాడు గానీ కాస్త మెత్తబడ్డాడు.

మధ్యాహ్నం ఐదో మెట్టుకి వెళ్ళాను. బంగారమ్మ తలుపు తీసి, ఏం మాట్లాడాలో తెలియక నా రెండు చేతులూ పట్టుకుంది. తరవాత మమ్మల్ని వదిలి పెరట్లోకి వెళ్ళిపోయింది.

తవిటినాయుడు గోడ పక్కన చాప మీద కూర్చుని ఉన్నాడు. నేనూ కూర్చున్నాను.

"ఎందుకప్పా అలాగ సెప్పినావు?"

"ఊరుకోరా."

"నాకు నువ్వు సెప్పాల. ఏటేటా అక్కడికొచ్చి ఆగిపోతన్నాను. గుండె పరిగెట్టినంతసేపు ఎలాగో ఓర్సుకుంటాను. తరవాత నెమ్మదైపోద్ది సూడు, అక్కడ ఓర్సుకోనేను. అంతా అయిపోయినట్టుంటాది. ఏటయిందో తెల్దు. ఎలాగ ఏడవాలో తెల్దు."

నేనెవరికీ చెప్పనిది అతనికి చెప్పాను. డాక్టరుకి, సింహాచలానికి, ఈ చిట్టాకి కూడా చెప్పనిది.

మట్టి విరిగిపడ్డాక పోలినాయుడు నాకు బారెడు దూరంలో ఉన్నాడు. కనపడేవాడు కాదు, గొంతు వినపడేది. నొప్పి లేదన్నాడు. వాళ్ళ అమ్మని తలుచుకోలేదు, దేవుణ్ణి తలుచుకోలేదు. తన చిరుగుల తొడుగులోకి బురద వెళ్ళి వీపు దురద పెడుతోందన్నాడు.

"ఒలే అసిరీ, ఈపు దురదెడతందే. కాస్త గోకవే."

ఉండరా, వస్తన్నాను అన్నాను. చెయ్యి చాపితే మట్టే తగిలింది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. నవ్వాడు కూడా ఒకసారి, ఎంత బద్ధకమే నీకు అని. అలా అడుగుతూనే ఉన్నాడు, నేను ఉండరా ఉండరా అంటూనే ఉన్నాను. తరవాత ఇంక అడగలేదు.

"అంతే," అన్నాను. "అక్కడ జరిగింది అదే."

తవిటినాయుడు నా మొహంలోకి చూశాడు. ఆ తరవాత మోకాళ్ళ మీదికి వంగిపోయి, "ఓరి పోలీ, ఓరి పోలీ" అని ఏడ్చాడు. వణుకుతూ కాదు, దాక్కుంటూ కాదు. ఇంట్లో మనిషి పోతే ఏడ్చినట్టు గట్టిగా, నోరంతా తెరిచి ఏడ్చాడు. నేను ఏడవాల్సిన ఏడుపు అది. పోలినాయుడికి ఇన్నేళ్ళకి ఎవరో ఒకరు ఏడ్చారు.

నా కళ్ళల్లోకి ఏమీ రాలేదు. అతని వీపు నా ముందు వంగి ఉంది, ఏడుపుకి ఎగిరిపడుతోంది. చెయ్యి చాపితే అందింది. చొక్కా పైకి జరిపి, భుజాల మధ్య, వెన్ను వెంట, నడుం దాకా గోకాను. అతను వద్దనలేదు. ఇంక చాలు అని ఎవరూ అనలేదు, గోకుతూనే కూర్చున్నాను.